మంచు లాక్కెళ్లి చూపించిన దీవులు

1872 ఆగస్టులో, రష్యాకు ఉత్తరాన ఉన్న నొవాయా జెమ్ల్యా తీరం దగ్గర ‘టెగెట్‌హాఫ్’ ఓడ మంచులో ఇరుక్కుపోయింది. అందులో ఉన్నది 24 మంది. ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యం పంపిన యాత్ర అది. నావికుల్లో ఎక్కువమంది ఏడ్రియాటిక్ తీరం వాళ్లు, ఎండలో పెరిగినవాళ్లు. ఓడకు నాయకుడు కార్ల్ వైప్రెష్ట్. నేల మీద యాత్రలకు యూలియస్ పాయర్.

రంపాలతో కోశారు, మందుగుండు పెట్టి పేల్చారు. మంచు వదల్లేదు. పగిలిన పలకలు ఒకదాని మీదొకటి ఎక్కుతూ ఓడను నొక్కుతుంటే రాత్రిళ్లు బట్టలు విప్పకుండా, దిగిపోవడానికి సిద్ధంగా పడుకునేవారు. అలాగే ఏడాదిపాటు మంచు ఎటు కదిలితే ఓడా అటే కొట్టుకుపోయింది. 1873 ఆగస్టు 30న పొగమంచు తొలగింది. ఎదురుగా కొండలు! తమకు తెలిసిన ఏ పటంలోనూ లేని ఆ నేలకు తమ చక్రవర్తి పేరు పెట్టారు: ఫ్రాంజ్ యోసెఫ్ లాండ్.

అవి 190కి పైగా దీవులు. నేలలో దాదాపు 85 శాతం హిమానీనదాల కిందే ఉంటుంది. మిగిలిన చోట నల్లని బసాల్ట్ కొండలు, వేసవిలో వాటి అంచుల నిండా సముద్రపక్షుల గూళ్లు. చలికాలంలో నాలుగు నెలలపాటు సూర్యుడు కనిపించడు. అక్కడ పుట్టి పెరిగిన జనం ఎప్పుడూ లేరు.

1874 వసంతంలో పాయర్ స్లెడ్జి బండితో ఉత్తరానికి సాగాడు. రుడాల్ఫ్ దీవి మీద ఉన్నట్టుండి మంచు విరిగి జానినోవిచ్ అనే నావికుడు, కుక్కలు, బండి అన్నీ పగులులో పడిపోయాయి. బండికి కట్టి ఉన్న తాడు పాయర్‌నూ లాగేస్తోంది. తాడు కోసుకుని, తోడు తెచ్చేందుకు మైళ్ల దూరం వెనక్కి పరుగెత్తాడు. మనిషీ కుక్కలూ ప్రాణాలతో పైకొచ్చాయి. అంతటితో ఆగకుండా ఏప్రిల్ 12న ఫ్లిగెలీ అగ్రం చేరాడు. యూరేషియా ఉత్తరపు కొస అదే. అక్కడినుంచి ఇంకా ఉత్తరాన నేల కనిపించిందనుకుని పటంలో గీశాడు. ఆ నేల లేదని తర్వాతి యాత్రలు తేల్చాయి. అంత శ్రమపడి వెళ్లినవాడిని కూడా ధ్రువపు వెలుగు మోసగించగలదు.

మే 20న ఓడను వదిలేసి, పడవలను బండ్ల మీద లాగుతూ దక్షిణానికి బయల్దేరారు. వాళ్లు లాగినంత మేరా మంచు వెనక్కి మోసుకుపోయేది. రెండు నెలలు గడిచాక చూసుకుంటే ఓడ నుంచి పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేదు. ఓడ దగ్గరికే పోదామన్న ఆశను వైప్రెష్ట్ ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఈ కథలో అసలైన ధైర్యం అదే. ఆగస్టు నడుమ మంచు లేని సముద్రం దొరికింది, తర్వాత రష్యన్ చేపల పడవ ఎక్కించుకుంది. యాత్రలో పోయినవాడు ఒక్కడే: క్షయతో చనిపోయిన ఇంజనీరు ఒట్టో క్రిష్. విల్చెక్ దీవి మీద అతని సమాధి ఉంది.

తిరిగొచ్చాక పాయర్ చిత్రకారుడయ్యాడు. వైప్రెష్ట్ మాత్రం తన యాత్ర సాగిన తీరునే ప్రశ్నించాడు. ఎవరు ఎంత ఉత్తరానికి వెళ్లారన్న పోటీ వల్ల విజ్ఞానానికి ఒరిగేది తక్కువనీ, అన్ని దేశాలూ ధ్రువం చుట్టూ కేంద్రాలు పెట్టి ఒకే కాలంలో, ఒకే పద్ధతిలో వాతావరణాన్నీ అయస్కాంత క్షేత్రాన్నీ కొలవాలనీ వాదించాడు. 1881లో, 42 ఏళ్లకే, క్షయతో కన్నుమూశాడు. మరుసటి ఏడాదే మొదటి అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం ఆరంభమైంది. ఆస్ట్రియా కేంద్రం యాన్ మాయెన్ దీవిలో వెలిసింది. దాని ఖర్చు పెట్టుకున్నది టెగెట్‌హాఫ్ యాత్రకూ అండగా నిలిచిన విల్చెక్ ప్రభువే.