అద్దె రసీదు: పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో కిరాయిదారు నమోదు

1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం ముందుగా బాధ్యతను ఇంటి యజమానిపైనే మోపింది. ఇల్లు ఖాళీ అయితే పది రోజుల్లో అధికారికి లిఖితపూర్వకంగా తెలపాలి. అద్దె చెల్లించిన కిరాయిదారుకు సంతకంతో కూడిన రసీదు పొందే హక్కు ఉంది. చట్టం పేర్కొన్న కారణం లేనిదే ఇల్లు ఖాళీ చేయించరాదు. 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన భవనాలకిచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 1983లో కొట్టివేసింది.

అయితే ఈ చట్టం నగరాలకు, మునిసిపాలిటీలకే వర్తించింది. పాశమైలారం వంటి పారిశ్రామికవాడలు మాత్రం గ్రామపంచాయతీల పరిధిలో పెరిగాయి. బీహారు, ఒడిశాల నుంచి వచ్చిన కార్మికులు వరుస గదుల్లో తలదాచుకున్న ఆ ఊళ్లలో కిరాయి ఎక్కువగా నోటిమాట మీదనే నడిచింది. పత్రం రాసుకున్నచోట గడువు సాధారణంగా పదకొండు నెలలే. ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మొదట్లో నిర్దేశించడమే అందుకు కారణం.

నేటి నమోదు కిరాయిదారును కేంద్రంగా చేసుకొన్నది. ఆధార్ నకలు, ఫొటో తీసుకొని పోలీసు పరిశీలన చేయించుకొమ్మని యజమానులకు సూచిస్తున్నారు. భద్రత దృష్ట్యా దీని అవసరాన్ని కాదనలేము. కాని కార్మికుని వివరాలు యజమానికి చేరుతున్నంత సులభంగా, అతడి నివాసానికి రుజువైన రసీదు అతడి చేతికి చేరడం లేదు. 1960 చట్టంలోని ఆ చిన్న నిబంధనను మరువకపోతేనే నమోదు ఉభయులకూ న్యాయమవుతుంది.