రక్తదాత చట్టపరమైన బాధ్యత

రక్తమార్పిడి వల్ల రోగికి వ్యాధి సోకినప్పుడు, తనకు ఆ వ్యాధి ఉన్న సంగతి ఎరుగక, అడిగిన వివరాలు దాచకుండా చెప్పిన దాతను భారతదేశంలో సాధారణంగా దోషిగా పరిగణించరు. రక్తాన్ని ఔషధంగా పరిగణించే ఔషధ నియమావళి, ప్రతి యూనిట్‌నూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షించే భారాన్ని బ్లడ్ బ్యాంకు మీదే ఉంచింది. వైరస్ ఒంట్లో చేరినా పరీక్షకు చిక్కని తొలిదశ, అంటే విండో పీరియడ్, ఒకటి ఉన్నందున, తెలియక ఇచ్చిన దాతను తప్పుపట్టకపోవడం న్యాయమే. తెలిసీ దాచి రక్తమిస్తే మాత్రం, ప్రాణాంతక వ్యాధిని వ్యాపింపజేసే దుశ్చర్యకు రెండేళ్ల వరకు జైలుశిక్ష నిర్దేశించే భారతీయ న్యాయ సంహిత 272వ సెక్షన్ వర్తించవచ్చు. 2002లో సాంబా సైనిక ఆసుపత్రిలో ఎక్కించిన రక్తంతో హెచ్‌ఐవీ సోకిన వైమానిక దళ ఉద్యోగికి సుమారు 1.54 కోట్ల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు, ఆ బాధ్యతను వైమానిక దళం, సైన్యాల మీదే మోపింది.