వైద్యదోషము, కాలదోషము : గంజాం తీరమున వ్యాజ్యపు గడువు చరిత్ర

"కాలదోషము పట్టినది" అను పలుకుబడి గంజాం తీరమందలి తెలుగువారిలోను వాడుకలో నున్నది. అప్పుపత్రము వ్రాసి మూడేండ్లు గడచి, నడుమ చెల్లు పడక, అది వట్టి కాగితమైనప్పుడు ఈ మాట వినవచ్చును. దానికి విరుగుడు పల్లెటూరి షావుకారునకును తెలియును. గడువు తీరకముందే ఋణస్థుని పిలిచి, ఎంతో కొంత జమకట్టించి, పత్రము వెనుక చెల్లు వ్రాయించి చేవ్రాలు పెట్టించును. నాటినుండి మరల మూడేండ్లు. అయితే మనుష్య దేహమునకు, అందును వైద్యుని అజాగ్రత్త వలన కలిగిన హానికి, కాలదోష మెప్పుడు పట్టును? చెల్లు వ్రాయించుటకు దేహమునకు వెనుకపుట లేదు. గడువు ఎన్నియేండ్లు అనుటకంటె, ఆ యేండ్లను ఏ దినమునుండి లెక్కింపవలెననుటయే ఇందలి చిక్కు. శస్త్రము తగిలిన దినమా? తగిలినదని రోగి యెరిగిన దినమా? రెండు శతాబ్దముల చట్టచరిత్ర ఈ ప్రశ్నచుట్టే తిరిగినది.

గోపాలపూర్, బరంపురము, ఛత్రపురము 1936 మార్చి 31 వరకు మద్రాసు రాజధానిలోనివి. మరునాడు ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా అందు చేరినవి. దానితో పై న్యాయస్థానము మద్రాసు పోయి పట్నా అయినది. 1948 జూలై 26న కటకమున హైకోర్టు వెలసినది. పండ్రెండేండ్లలో మూడు హైకోర్టులను చూచిన మండలములు దేశమున అరుదు. ఈ కారణమున గంజాం తెలుగువారి వ్యాజ్యచరిత్రకు తొలిభాగము మద్రాసు రెగ్యులేషన్లలోను, మలిభాగము అఖిలభారత చట్టములలోను వెదకవలసియున్నది.

అంతకు పూర్వము ధర్మశాస్త్రములే ఆధారము. వైద్యుని తప్పును మన స్మృతికారులు విడిచిపెట్టలేదు. తప్పుడు చికిత్స చేసిన వైద్యునికి మనువు దండము విధించెను. యాజ్ఞవల్క్యుడు పశువునకొక దండము, మనుష్యునకు దానికి మించినది, రాజపురుషునకు అన్నిటికంటె పెద్దది అని తరతమములు చెప్పెను. ప్రాణాపాయకరమగు వ్యాధికి అధికారులకు తెలుపకయే చికిత్సచేయగా రోగి మరణించినచో మొదటి తరగతి దండమనియు, చికిత్సాదోషము వలననే మరణించినచో మధ్యమదండమనియు కౌటిల్యుని నిర్ణయము. కాని ఈ దండము రాజుబొక్కసమునకు చేరునది. రోగికి నష్టపరిహారము కాదు. కావున రోగి ఎన్నియేండ్లలోపల మొరపెట్టుకొనవలెనను విచారణకు అచ్చట అంతగా తావు లేదు.

గడువు అను ఆలోచన భూమికిని ధనమునకును సంబంధించి కానవచ్చును. తన భూమిని పరుడు అనుభవించుచుండ, స్వామి కన్నులార చూచుచును మాటాడక యిరువదియేండ్లు గడపినచో ఆ భూమికి నష్టము కలుగుననియు, ధనమునకైనచో పదియేండ్లనియు యాజ్ఞవల్క్యుని మతము. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను అభినవదండి కేతన 13వ శతాబ్దమున "విజ్ఞానేశ్వరము" అను పేర తెనిగించెను. కనుక వ్యవహారధర్మము తెలుగు మాటలలో దొరకుట ఆంగ్లేయుల కాలమున క్రొత్తగా వచ్చినది కాదు. యాజ్ఞవల్క్యుని నియమమున రెండు షరతులున్నవి: చూచుచుండుట, మిన్నకుండుట. చూడనివాని మౌనము మౌనమే కాదు. ఈ మొదటి షరతును తరువాతి శాసనకర్తలు బహుకాలము మరచిరి.

కంపెనీ ప్రభుత్వము 1802లో చేసిన మద్రాసు 2వ రెగ్యులేషను వ్యాజ్యములకు పండ్రెండేండ్ల గడువు పెట్టెను. అందు ఒక మెత్తదనము కలదు. వాది మైనరగుట వలనగాని, మరి యే తగిన కారణము వలనగాని న్యాయమును పొందలేకపోయెనని రుజువుచేసినచో, పండ్రెండేండ్లు దాటినను కోర్టు విచారింపవచ్చును. ఇది మైదానమునకు చెందిన మాట. గంజాం, విశాఖపట్టణ మండలముల కొండప్రాంతములను 1839వ సంవత్సరపు 24వ చట్టము సామాన్య న్యాయస్థానముల అధికారమునుండి తప్పించి ఏజెంటు చేతిలో పెట్టెను.

తరువాత 1859లో 14వ చట్టము వచ్చెను. దేశమంతటికి ఒకే పద్ధతి కావలెనను కోరికతో చేసిన చట్టమిది. కాని అందు దేహమునకు కలిగిన హానికి నష్టపరిహారము కోరు దావాకు గడువు ఒక్క సంవత్సరము. 1877 చట్టమునను, 1908 చట్టమునను 22వ ఆర్టికల్ ఈ యేడాది గడువునే నిలిపి, లెక్క "హాని చేయబడిన నాటినుండి" అని స్పష్టపరచెను. ఒప్పందభంగమని దావా వేసినచో మూడేండ్లు దొరకును గనుక, ప్లీడర్లు రోగి ఇచ్చిన ఫీజును పట్టుకొని వైద్యునితో ఒప్పందము కలదని వాదించుటకు సందు ఉండెను. ఫీజు ఇయ్యలేక ధర్మాసుపత్రికి పోయినవానికి ఆ సందును లేదు. అప్పిచ్చిన షావుకారునకు మూడేండ్లు, చెల్లు పడినచో మరి మూడేండ్లు. కాలు పోగొట్టుకొన్న కూలివానికి ఒక యేడు, అదియు అతనికి తెలిసినను తెలియకున్నను. ఆనాటి శాసనకర్తల దృష్టి యెటు నిలిచియుండెనో దీనివలన తెలియుచున్నది.

గోపాలపూర్ వంటి రేవున ఈ నియమము ఎట్లు పనిచేసియుండునో ఊహించుట కష్టము కాదు. ఈ రేవునుండి తెలుగు, ఒరియా కూలీలు ఓడలెక్కి రంగూనుకు పోయెడివారు. ఏండ్లు గడచినపిదప తిరిగివచ్చెడివారు. ఇచ్చట విరిగిన చేతికి కట్టు కట్టించుకొని, ఓడ యెక్కి, రంగూను మిల్లులో బస్తా యెత్తబోయినప్పుడు ఎముక వంకరగ అతికినదని తెలిసికొన్నవాడు తిరిగి గోపాలపూర్ ఇసుకపై కాలుపెట్టునప్పటికి ఏడాది యెన్నడో తీరియుండును. ఆంగ్లదేశమున 1623లో చేసిన గడువు శాసనము సముద్రములకావల నున్న వాదికి మినహాయింపు నిచ్చెను. అతడు తిరిగివచ్చినపిదపనే లెక్క మొదలు. ఆ దేశపువారే భారతదేశమునకు చట్టము చేయునప్పుడు ఈ మినహాయింపును వాదికి నిలుపలేదు. 1871 చట్టము మొదలు నేటివరకు మైనరులు, ఉన్మత్తులు, బుద్ధిహీనులు అను మూడు తెగలకే అశక్తత చెల్లును. ప్రతివాది దేశాంతరమున నున్న కాలమును మాత్రము లెక్కనుండి తీసివేయుదురు. సముద్రయానమే బ్రతుకుతెరువైన తీరమున ఇంతకంటె విపరీతమైన నియమము వెదకినను దొరకదు. నేడు గల్ఫు దేశములకు పోవు గంజాం వాసులకును ఈ నియమమే వర్తించుచున్నది.

స్వాతంత్ర్యానంతరము లా కమిషను 1956లో తన మూడవ నివేదికయందు గడువుచట్టమును పరిశీలించెను. దాని ఫలితముగ వచ్చిన 1963వ సంవత్సరపు 36వ చట్టము 1964 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దేహహానికి విడిగ నుండిన ఆర్టికల్ ఇందు లేదు. అందువలన వైద్యుని అజాగ్రత్తపై సివిలు దావా, వేరే చోటు దొరకనివానికై యుంచిన 113వ ఆర్టికల్ క్రిందికి వచ్చి, "దావా హక్కు కలిగిన నాటినుండి" మూడేండ్లు అయినది. రోగి మరణించినచో 1855 నాటి ప్రాణాంతక ప్రమాదముల చట్టము ననుసరించి కుటుంబము వేయు దావాకు మరణదినమునుండి రెండేండ్లు. మైనరైన బిడ్డకు జరిగిన హానికి, మైనారిటీ తీరినపిదప మూడేండ్లు. మోసము చేసి దాచినచో ఆ మోసము బయటపడిన నాటినుండి. ఇవియన్నియు మేలే. కాని దావా ఆలస్యమైనచో మన్నించు అధికారము సివిలు కోర్టునకు లేదు. ప్రతివాది అడుగకున్నను గడువు దాటిన దావాను కొట్టివేయుట దాని విధి.

అదే 1963లో ఆంగ్లదేశమున ఒక సంగతి జరిగెను. ధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడిన కార్మికులు, తమకు రోగమున్నదని తెలియకముందే గడువు తీరినదని అచ్చటి ప్రభువుల సభ తీర్పుచెప్పవలసి వచ్చినది. అది అన్యాయమని గుర్తించి ఆ దేశపు పార్లమెంటు అదే సంవత్సరమున చట్టమును మార్చినది. నేడచ్చట హాని కలిగిన నాటినుండిగాని తెలిసిన నాటినుండిగాని మూడేండ్లు. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క తీరు: న్యూయార్కున రెండున్నర యేండ్లు, గుర్తింపక విడిచిన క్యాన్సరుకు 2018లో చేసిన సవరణ, లెక్కను రోగి యెరిగిన నాటికి జరిపినది. చూచుచుండుట అను యాజ్ఞవల్క్యుని షరతు వేరొక త్రోవను న్యాయశాస్త్రమునకు తిరిగి వచ్చినది.

మన దేశమున ఈ త్రోవ వినియోగదారుల చట్టముద్వారా తెరచుకొన్నది. 1986 నాటి ఆ చట్టము వైద్యులకు వర్తించునా అను వివాదమున, డబ్బు తీసికొని చేయు వైద్యము దాని పరిధిలోనిదే యని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1992లో పలికెను. మద్రాసు హైకోర్టు 1994లో కాదనెను. 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు ఆంధ్ర హైకోర్టు దారినే పోయినది. అయితే అందరికిని ఉచితముగ వైద్యము చేయు ఆసుపత్రి ఈ చట్టమునకు వెలియని అదే తీర్పు చెప్పుటచే, బరంపురమున మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల ఆసుపత్రివంటి ప్రభుత్వవైద్యశాలలలో ఉచితముగ చికిత్స పొందు పేదవానికి సివిలు కోర్టే గతి. ఈ చట్టమునకు 1993లో చేర్చిన గడువు రెండేండ్లు. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు అధికారమును ఇచ్చిరి. 1802 రెగ్యులేషనులోని మెత్తదనము నూటతొంబదియేండ్లకు తిరిగి కానవచ్చినదనవచ్చును.

ఇక లెక్క మొదలగు దినమునుగూర్చి సుప్రీంకోర్టు 2010 అక్టోబరులో చెప్పిన తీర్పు ముఖ్యమైనది. ఒక నర్సుకు 1993లో పిత్తాశయపు రాళ్లకు శస్త్రచికిత్స జరిగెను. పిదప తొమ్మిదేండ్లు నొప్పి. 2002లో మరల కోయగా లోపల గాజుగుడ్డ బయటపడినది. ఆమె 2004లో, గుడ్డ బయటపడిన రెండేండ్లలోపలనే, ఫిర్యాదు చేసెను. హాని పైకి కనబడునదైనచో జరిగిన నాటినుండియు, దాగియున్నదైనచో రోగి తగిన జాగ్రత్తతో తెలిసికొనగలిగిన నాటినుండియు లెక్కింపవలెనని కోర్టు సూత్రీకరించెను. సూత్రము బాగున్నది. కాని ఆమె నర్సు గనుక, తొమ్మిదేండ్లు నొప్పి పడుచు కోసిన వైద్యుని మరల కలియలేదు గనుక, ముందే తెలిసికొనగలిగియుండెడిదని చెప్పి ఫిర్యాదును కొట్టివేసెను. నొప్పి యొక్కటే జ్ఞానమగునా? మాత్ర మ్రింగి పనికిపోవు లక్షలమంది ఆడవారి అలవాటు అజాగ్రత్త యగునా? తీర్పు చట్టరీత్యా సరియైనదే యనినను, సూత్రమునకును ఫలితమునకును నడుమ ఎడము కనబడుచునే యున్నది.

వాదికి ఇన్ని లెక్కలుండగా కోర్టునకు లెక్క లేదు. పూర్వము నిజాము రాజ్యములోనిదైన ఔరంగాబాదున 1963లో ప్రభుత్వాసుపత్రిలో శస్త్రచికిత్సవేళ కడుపులో గుడ్డ మరచుట వలన ఒక స్త్రీ మరణింపగా, ఆమె కుటుంబమునకు సుప్రీంకోర్టులో న్యాయము దొరికినది 1996లో. హైదరాబాదున 1990లో జరిగిన శస్త్రచికిత్స వలన నడుము క్రింద చచ్చుబడిన యువకునికి కోటి రూపాయల పరిహారము నిర్ణయమైనది 2009లో.

గోపాలపూర్, బరంపురము తెలుగువారు పెద్దరోగమునకు విశాఖపట్టణము పోవుట పరిపాటి. 1986 చట్టము క్రింద వారు ఫిర్యాదును సామాన్యముగ ఆసుపత్రి యున్న విశాఖలోనే చేయవలసియుండెను. 2020 జూలై 20న అమలులోనికి వచ్చిన 2019 చట్టము రెండేండ్ల గడువును మార్చలేదు గాని, ఫిర్యాది తాను నివసించు చోటనే ఫిర్యాదు చేయవచ్చునని యనుమతించినది. కాబట్టి విశాఖలో కోయించుకొన్న గోపాలపూర్ జాలరి నేడు గంజాం జిల్లా కమిషనులోనే మొరపెట్టుకొనవచ్చును. అందులకు వలయునవి ఆసుపత్రి కాగితములు. వైద్యుల వృత్తిధర్మమును నిర్దేశించు 2002 నాటి నిబంధనలు, ఆసుపత్రిలో చేరిన రోగి కాగితములను చికిత్స మొదలైన నాటినుండి మూడేండ్లు భద్రపరచవలెననియు, రోగి అడిగినచో 72 గంటలలోపల ఇయ్యవలెననియు చెప్పుచున్నవి. హాని మూడేండ్లు దాగియున్న రోగికి గడువు మిగిలియుండవచ్చును. దానిని నిరూపించు కాగితము మాత్రము ఆసుపత్రిలో మిగిలియుండవలసిన పని లేదు. విడుదలనాడే ఆ కాగితముల నకలును అడిగి తీసికొనుటకు ఈ నిబంధనలు ఎట్టి యడ్డును చెప్పుటలేదు.