కర్పూరం వాసనా, కట్టెల పొగా

కొండవీడు చరిత్ర తెరిస్తే ముందుగా ముక్కుకు తగిలేది కర్పూరమే. పద్నాలుగో శతాబ్దం చివర కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలు చేసి 'కర్పూర వసంతరాయలు' అనిపించుకున్నాడు. ఆ సుగంధ ద్రవ్యాలు ఓడల మీద తెప్పించిన అవచి తిప్పయ్యసెట్టికి శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. అంతా బాగానే ఉంది. ఆ ఉత్సవాల నాడు ఇళ్ళల్లో వండిపెట్టిన ఆడవాళ్ళు ఏం పీల్చారో మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. కవిగారికి విస్తరి ముందు పనిగానీ పొయ్యి ముందు పనేమిటి!

మా మేనత్తది ఆ కొండ కింద పల్లె. చిన్నప్పుడు సెలవులకు వెడితే వంటిల్లు చూరుదాకా మసి. పత్తికట్టె అయితే ఫరవాలేదు. మిరపకట్టె పెట్టిన రోజున ఇంటిల్లిపాదికీ దగ్గే. ఊదుగొట్టం పట్టుకుని కళ్ళు తుడుచుకుంటుంటే, "ఏడుస్తున్నావా అత్తా?" అన్నాను ఒకసారి.

"పొగరా నాయనా. ఏడ్చినా ఎవరికీ తెలీదులే," అంది.

ఆ పొగను వదిలించాలని మన హైదరాబాదులోనే ఒకాయన పూనుకున్నాడు. ఇంజనీరింగ్ పరిశోధనశాలలో పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితోనే పొగగొట్టం పొయ్యి రూపొందించి, 1953లో దానిమీద ఇంగ్లీషులో చిన్న పుస్తకం కూడా వేశాడు. ఆ తర్వాత 1983లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పొయ్యిల కోసం జాతీయ పథకమే పెట్టింది. 2002లో అది ముగిసేనాటికి 3 కోట్లకు పైగా పొయ్యిలు లెక్కకెక్కాయి. లెక్కకెక్కినవన్నీ వెలిగాయా అంటే, లేదు. గొట్టంలో మసి పేరుకుంటే తీసే అలవాటు చెయ్యలేదు. పగిలితే అతికేవాడు దొరకలేదు. గిన్నె పట్టడం లేదని కొందరిళ్ళల్లో పొయ్యినోరే వెడల్పు చేసుకున్నారు.

1999లో మన రాష్ట్రంలో 'దీపం' పథకం డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. నన్నడిగితే అసలు మలుపు ఇదే. ఆఫీసరు చెబితే వినని మాట పక్కింటావిడ చెబితే వింటారు.

అత్త ఇంటికీ బండ వచ్చింది. మొన్న వెడితే పాలు గ్యాసు మీద కాగుతున్నాయి, పెరట్లో మూడు రాళ్ళ మీద నీళ్ళ కాగు పొగలు చిమ్ముతోంది.

"ఇదేమిటత్తా?"

"స్నానాల నీళ్ళకి కూడా గ్యాసు తగలెయ్యనా? బండకి డబ్బులు నువ్విస్తావట్రా?"

నేను నోరెత్తలేదు. ఈ పొగ పెద్దవాళ్ళ ఊపిరితిత్తులకూ చేటే, పసివాళ్ళకు న్యుమోనియా తెస్తుందనీ డాక్టర్లు తేల్చారు. మునిమనవరాలు ఆ పొయ్యి పక్కనే కూర్చుని ఎక్కాలు రాసుకుంటోంది. లేపి వసారాలోకి తీసుకుపోయాను. అత్త చూసింది, ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి ఆ మూడు రాళ్ళూ పెరటి చివర, వేపచెట్టు అవతల ఉన్నాయి.