అట్టకి చిల్లులు పొడిచేదెవరు?

ధర్మవరంలో మగ్గం ముందు నిలబడితే కళ్ళు పట్టుచీర మీదికే పోతాయి. ఒకసారి పైకి చూడండి. చిల్లులు పొడిచిన అట్టలు దండలా వేలాడుతుంటాయి. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అంచులో నెమలి దిగేది ఆ లెక్క మీదే. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే అనంతపురం మెట్టలో, చేను ఎండిన ఏళ్ళలో చాలా ఇళ్ళకి మగ్గమే తిండి పెట్టింది. (2022లో ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. కరువు జిల్లా సరిహద్దులు చూసుకుని రాదు కదా!)

ఆఫీసు యంత్రాలు లోహం కోయడం ఎలా నేర్చుకున్నాయో చెప్పాలంటే ఈ అట్టల దగ్గరే మొదలుపెట్టాలి.

అంతకుముందువాళ్ళ ప్రయత్నాలన్నీ కలుపుకుని 1804లో ఫ్రాన్సులో జకార్డ్ ఈ అట్టల మగ్గం తెచ్చాడు. 1890 అమెరికా జనాభా లెక్కలకి హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులే వాడాడు. ఆయన కంపెనీ మరికొన్నిటితో కలిసి చివరికి ఐబీఎం అయింది. అలా చిల్లుల అట్ట గుమాస్తా బల్ల ఎక్కింది. జీతాలు, పద్దులు, బిల్లులు అన్నీ దాని మీదే.

1940ల చివర్లో మిషిగన్‌లో జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రెక్కలు తయారుచేసేవాడు. రెక్క వంపుని సరిచూసే మాదిరి రేకులు కచ్చితంగా రావాలి. ఆయన ఇంజనీరు ఫ్రాంక్ స్టూలెన్, పద్దుల కోసం పుట్టిన ఐబీఎం కార్డు యంత్రంతో ఆ వంపు మీది బిందువులన్నీ లెక్క కట్టించాడు. మిల్లింగ్ మెషిన్ దగ్గర ఒకరు అంకెలు చదివితే, ఇద్దరు చెరో పిడి తిప్పి కత్తిని అక్కడికి చేర్చేవాళ్ళు. 1952లో ఎంఐటీ ఆ చేతుల్ని తీసేసింది. కాగితపు టేపు చెప్పినట్టు మోటార్లే తిరిగే మెషిన్ చూపించింది. ఇవాళ్టి సీఎన్‌సీకి తాత అదే.

ఇక్కడే ఒక పేచీ ఉంది. ఆ రోజుల్లోనే ఇంకో దారీ ఉండేది. అనుభవమున్న పనివాడు ఒకసారి చేసి చూపిస్తే, ఆ కదలికల్ని టేపు మీద పట్టి మళ్ళీ నడిపించడం. యాజమాన్యాలకి అది రుచించలేదంటాడు చరిత్రకారుడు డేవిడ్ నోబుల్, 1984లో వచ్చిన తన పుస్తకంలో. ఎందుకంటే ఆ పద్ధతిలో పనితనం పనివాడి దగ్గరే ఉండిపోతుంది. అంకెల టేపు అయితే ఆఫీసులో తయారవుతుంది, షాపులో మనిషి బటన్ నొక్కితే చాలు.

ఇప్పుడు గుజిరీ అంగడికి రండి. ఏదో ఆఫీసు పారేసిన డాట్ మాట్రిక్స్ ప్రింటర్ విప్పితే నున్నటి స్టీలు కడ్డీ, పళ్ళ బెల్టు, స్టెప్పర్ మోటార్లు. చుట్టుకి 200 అడుగులు వేసే మోటారు దొరికిందనుకోండి. దాన్ని చుట్టుకి 2 మిల్లీమీటర్లు జరిగే మరకి తగిలిస్తే ఒక్కో అడుగు మిల్లీమీటరులో నూరో వంతు. 2005లో ఆర్డుయినో బోర్డు, 2009లో జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రామ్ వచ్చాయి. దాంతో చిన్న మిల్లింగ్ మెషిన్ ఇంటి బల్ల మీదికొచ్చింది.

గొప్పలొద్దు. ఇది ఉక్కుని కోయదు. రాగి పూత సర్క్యూట్ బోర్డు, పలచటి ఇత్తడి రేకు దాకా సరే. కత్తి కాస్త లోతుగా దిగితే కడ్డీ వణుకుతుంది, మోటారు అడుగులు తప్పుతుంది. ఆ చప్పుడు విని వేగం తగ్గించాల్సింది మనమే. గీసేదీ, అంకెలు రాసేదీ, కోసేదీ ఒక్కరే.

టేపు పేరుతో ఆఫీసు పట్టుకెళ్ళిన పనితనం, ఆఫీసు పారేసిన తుక్కులోంచే తిరిగొస్తోంది. యంత్రం ఎవరిదని అడగడం మనకి అలవాటే. అట్టకి చిల్లులు పొడిచేదెవరని కూడా అడగాలి.