కుమారకృపా రోడ్డు తోలుబొమ్మలు



కర్ణాటక చిత్రకళా పరిషత్తు అంటే మనలో చాలామందికి జనవరిలో జరిగే చిత్రసంతే గుర్తొస్తుంది. ఆ సంత 2004లో మొదలైంది. పరిషత్తు మాత్రం 1960 నాటిది. దాన్ని పెంచి నిలబెట్టినవారిలో ఎం.ఎస్. నంజుండరావుగారు ముఖ్యులు. పరిషత్తుకు లలితకళల కళాశాల, గ్యాలరీలు ఉన్నాయి. ఒకవైపు ఈనాటి చిత్రకారుల ప్రదర్శనలు, ఇంకోవైపు నంజుండరావుగారు శ్రద్ధగా సేకరించిన తోలుబొమ్మలు. బొమ్మలు వేయడం నేర్చుకునే పిల్లలకు పాతదీ కొత్తదీ పక్కపక్కనే కనిపిస్తాయి.

కన్నడంలో తొగలు గొంబె అన్నా, మనం తోలుబొమ్మ అన్నా ఒకటే. వీటిని ఆడించే కుటుంబాల్లో చాలామందికి ఇంటి భాష మరాఠీ. కర్ణాటకలో కన్నడంలో, ఆంధ్రలో తెలుగులో రామాయణం ఆడారు, ఇంట్లో మాత్రం మరాఠీ విడవలేదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి ఈ కళకే 2020లో పద్మశ్రీ వచ్చింది.

నేను బడిలో తమిళం చదివి, రైల్వే ఆఫీసులో ఇంగ్లీషు రాసి, ఈ ఊళ్లో కన్నడం మాట్లాడుతూ, ఇంట్లో తెలుగు నిలుపుకున్నవాణ్ణి. అందుకే ఆ బొమ్మల ముందు ఎక్కువసేపు నిలబడతాను. మన మనవళ్లు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తున్నారు. బడి భాష వల్లో, ఊరి భాష వల్లో ఇంటి భాష పోదు. ఇంట్లో మాట్లాడకపోతేనే పోతుంది.

సెలవుల్లో పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. బొమ్మల కథ మీరే తెలుగులో చెప్పండి.