విచారణ పుస్తకంలో ఇంటిపేర్లు

కృష్ణా డెల్టాలో కతోలిక సంఘం చరిత్ర అనగానే మిషనరీల పేర్లు వరసగా చెప్పుకోవడం మనకు అలవాటు. బెజవాడ ఆనకట్ట పూర్తయిన 1855లోనే మిలాన్ గురువులు హైదరాబాదు మిషను బాధ్యత తీసుకున్నారు. బెజవాడ, బందరు ప్రాంతాలు అప్పట్లో దాని కిందే ఉండేవి. 1924లో ఫాదర్ అర్లాటి గుణదల కొండ మీద మరియమాత స్వరూపాన్ని నెలకొల్పారు. 1937లో బెజవాడ మేత్రాసనం (డయోసిస్) అయింది. ఇవన్నీ నిజాలే. అయితే గురువులు బదిలీ మీద వస్తారు, బదిలీ మీద వెళ్తారు. కంకిపాడు లాంటి డెల్టా ఊళ్లలో తరతరాలుగా గుడి తలుపు తీసి దీపం పెట్టింది అక్కడి ఇళ్లవాళ్లే. ఆ ఇళ్ల చరిత్రను పక్కనపెట్టి విచారణ (పారిష్) చరిత్ర రాస్తే అది అధికారుల బదిలీల జాబితా అవుతుందే తప్ప చరిత్ర కాదని నా వాదన.

ఇందుకు పాత సాక్ష్యం కృష్ణ అవతలి ఒడ్డున ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో రాయలసీమ నుంచి గుంటూరు సీమకు తరలివచ్చిన కతోలిక రైతు కుటుంబాలు ఫిరంగిపురం లాంటి ఊళ్లలో స్థిరపడ్డాయి. 1773లో రోము జెస్విట్ సభను రద్దు చేశాక ఆ ఊళ్లకు గురువుల రాక బాగా తగ్గిపోయింది. అయినా వందేళ్ల తర్వాత మిల్‌హిల్ సభ గురువులు వచ్చేసరికి ఆ ఇళ్లు కతోలిక ఇళ్లుగానే ఉన్నాయి. గురువు లేని కాలంలో విశ్వాసాన్ని నిలిపింది ఇంట్లో నేర్పిన జపాలు, ఇచ్చిపుచ్చుకున్న వియ్యాలు, ఊరి ఉపదేశి. డెల్టాలో తర్వాత జరిగింది కూడా ఇదే. గురువు ఎప్పుడో ఒకసారి వచ్చే పల్లెల్లో ఆదివారం ప్రార్థన నడిపేది, పిల్లలకు జపాలు చెప్పేది, చావుబతుకుల్లో ఉన్న బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చేది, మట్టి చేసేటప్పుడు ముందు నిలబడేది ఉపదేశే. ఆయన ఎక్కువగా ఆ ఊరివాడే, పొలం పనులకు వెళ్లే ఇంటివాడే. ఊడ్పుల రోజుల్లో ప్రార్థన ఏ వేళకు పెడితే జనం వస్తారో ఆయనకు తెలిసినట్టు ఇటలీ నుంచి వచ్చిన గురువుకు తెలియదు.

ఈ మాటకు రాతపూర్వకమైన ఆధారం విచారణ పుస్తకాలు. పదహారో శతాబ్దపు ట్రెంట్ మహాసభ నుంచి ప్రతి విచారణా జ్ఞానస్నానాల పుస్తకం, వివాహాల పుస్తకం పెట్టాలన్నది నియమం. జ్ఞానస్నానం పద్దులో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, తల్లి పేరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, స్నానమిచ్చిన గురువు పేరు ఉంటాయి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ బిడ్డకు ఏ ఊళ్లో పెళ్లయినా అక్కడి విచారణ గురువు కబురు పంపాలి. ఇక్కడి పుస్తకంలో అదే పద్దు పక్కన ఆ పెళ్లి సంగతి ఎక్కాలి. సెంటు భూమి లేని ఇంటికి కరణం లెక్కల్లో చోటు లేదు. జనన మరణాల నమోదును దేశమంతటా తప్పనిసరి చేసిన చట్టం 1969లో గాని రాలేదు. అలాంటి ఇంటి ఆడమనిషి పేరు తల్లిగానో జ్ఞానతల్లిగానో సిరాతో కాగితం మీదికి ఎక్కింది చాలాచోట్ల ఈ పుస్తకంలోనే. ఒక ఇల్లు ఎవరింటి బిడ్డలకు జ్ఞాన తల్లిదండ్రులుగా నిలబడిందో వరసగా చూసుకుంటూ పోతే, ఆ విచారణను ఎవరు కలిపి ఉంచారో గురువుల నివేదికల కంటే బాగా తెలుస్తుంది.

కుటుంబాల చరిత్ర అంటే పెత్తందారీ కుటుంబాల చరిత్రే కదా అని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. తుమ్మ, గాలి, ఉడుముల వంటి ఇంటిపేర్లు తెలుగు మేత్రాణుల జాబితాలో కనిపిస్తాయి. గుడి నిండా ఉన్న మాల, మాదిగ ఇళ్ల నుంచి పూల అంతోని కార్డినల్ కావడానికి 2022 దాకా పట్టింది. కులం గుడి గడప దాటి లోపలికి వచ్చిందన్నది కాదనలేం. కానీ పెత్తనం చేసిన ఇళ్ల పేర్లు శిలాఫలకాల మీద ఎలాగూ ఉంటాయి. నేను చూడమంటున్నది ఉపదేశుల ఇళ్లను, ఫలకం మీద పేరు లేనివాళ్లను.

బియ్యం కోసం, బడి కోసం మతం మారినవాళ్లకు విచారణ చరిత్ర ఏమిటన్నది ఇంకో అభ్యంతరం. కరువులో ఆదుకున్న చేయిని పట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత లెక్క తిరగబడింది. షెడ్యూల్డు కులాల గుర్తింపు 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులు బీసీ-సి కింద ఉన్నారు. అంటే జ్ఞానస్నానం పద్దు వల్ల ఒక ఇంటికి ఉద్యోగం, సీటు పోయే పరిస్థితి. ఆ భయంతో పుస్తకానికి దూరంగా ఉన్న ఇళ్లూ ఉంటాయి, వాళ్లను నిందించే హక్కు ఎవరికీ లేదు. నష్టం కళ్లెదుట కనబడుతున్నా మూడో తరాన్ని కూడా జ్ఞానస్నానపు తొట్టి దగ్గరికే తీసుకొచ్చిన ఇళ్ల గురించి మాత్రం బియ్యం మాట ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ ఇళ్ల పిల్లలు హైదరాబాదులో, గల్ఫులో, అమెరికాలో ఉన్నారు. పెళ్లి కుదిరితే జ్ఞానస్నానం పత్రం కోసం మళ్లీ ఇక్కడి పుస్తకమే తెరవాలి. డెల్టా చెమ్మకు, చెదలకు, తుపానులకు పాత కాగితం ఎంతోకాలం ఆగదు. విచారణల వారీగా ఈ పుస్తకాలను నకలు తీయించడం, ఉపదేశుల వారసులు బతికుండగానే వాళ్ల చేత ఆ పేర్ల వెనక ఉన్న మనుషుల సంగతులు చెప్పించి రాసుకోవడం మేత్రాసనం తలపెట్టవలసిన పని. ముందుగా మొదలుపెట్టవలసింది కొండ మీది పెద్ద గుడితో కాదు, కాలవగట్టు పల్లెల్లోని చిన్న గుళ్లతో.